ఇసుక తోడేవాడి పావుగంట

ముప్పై ఒక్క ఏళ్లు
హార్బరు నోట్లో ఇసుక తోడాను.
డాల్ఫిన్స్ నోస్ నీడలో డ్రెడ్జరు,
దాని కడుపులో నేను, నా చెవుల్లో ఇంజను.
పొద్దున తోడిన చోటికి
సాయంత్రానికి మళ్లీ ఇసుక.
దక్షిణం నుంచి అల మోసుకొస్తూనే ఉంటుంది.
దానిమీద ఎవరికీ కోపం రాదు,
తోడేవాడికి అది అన్నం.

రిటైరయ్యాక ఇంజను ఆగింది.
చెవుల్లో ఆగలేదు.
రాత్రి రెండింటికి లేచి కూచుని
ఎప్పుడో చనిపోయిన ఫోర్‌మన్ జగ్గారావుతో
వాదించేవాణ్ణి.
రోజూ నేనే గెలిచేవాణ్ణి.
తెల్లారేసరికి చేతులు వణికేవి.

కేజీహెచ్‌లో సిస్టరు నూకరత్నం
బీపీ పట్టా బిగించి, అంకె చూసి,
మళ్లీ బిగించింది.
"ఏటి దాలినాయుడుగారూ, ఎవలి మీద ఈ యుద్దం?
మాత్ర ఏసుకోండి, మానీకండి.
పొద్దున్నే ఓ పావుగంట
ఏటీ సెయ్యకుండా కూకోండి."
అది రోజూ చేస్తున్న పనేగా అన్నాను.
"మీరు కూకున్నారు గానీ
మీ బుర్ర ఇంకా డూటీలోనే ఉంది.
ఊపిరి ముక్కులో ఎక్కడ తగుల్తందో సూడండి.
ఎల్లేది సల్లగా, వొచ్చేది ఎచ్చగా.
తప్పిపోతే మళ్లా రండి.
తిట్టుకోకండి."
మంత్రం ఏదైనా అడిగాను. లేదంది.
ఇంకేదో అడగబోతే
నా వెనక లైను చూపించింది.

కోటవీధిలో మా డాబా.
రాత్రంతా పోర్టు నుంచి వచ్చి పడ్డ
బొగ్గు పొడి మీద చాప పరిచాను.
మూడు కొండల మీంచి మూడు పిలుపులు,
గుడిదీ దర్గాదీ చర్చిదీ.
నాలుగోది ఓడ కూత.
నాలుగు ఊపిర్లు లెక్కపెట్టాను.
ఐదోదానికి పెన్షను ఎరియర్లు.
మళ్లీ ఒకటి.
రెండోదానికి మోకాలు.
మళ్లీ ఒకటి.
పక్కింటి మిక్సీ. జగ్గారావు.
మళ్లీ ఒకటి.

పందొమ్మిదో రోజో, ఇరవయ్యో,
జగ్గారావు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.
ఈసారి వాదన ఎత్తుకోలేదు నేను.
తోడే ముందు గుండు దించి
లోతు కొలుస్తాం కదా,
అలా ఊపిరిని దించి ఊరుకున్నాను.
ఆయన కూడా ఏమీ అనలేదు.
ఆ నిశ్శబ్దంలో
అడుగున ఉన్నది కనబడింది.

ఆ రోజు తాడు వదిలింది నేనే.
పైడిరాజు వేళ్లు రెండు
విన్చి పళ్లలో పోయింది నా చేతిలోంచే.
"ఫోర్‌మన్ సైగ చేశాడు" అని రాసిచ్చాను.
ఆయన చెయ్యలేదు.

ప్రశాంతత వస్తుందన్నారు ఎవరో.
నాకు ముందు ఏడుపు వచ్చింది,
డాబా మీద, ముక్కు చీదుకుంటూ,
కింద అచ్చియ్యమ్మ చెంబు తోముతున్న చప్పుడుకి
జోడుగా.

ఫిషింగ్ హార్బరు దగ్గర పైడిరాజు టీ బడ్డీ.
మూడు వేళ్లతో గ్లాసు అందించాడు.
చెప్పాను.
గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు.
"నాకు తెలుసు బాబాయ్.
తాడు ఎటునుంచి వదులైందో
పట్టుకున్నోడికి తెలీదా?"
టీ డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

ఆ రాత్రి ఐదు దాకా నిద్రపోయాను.
తర్వాత రాత్రి పోలేదు.
ఆ తర్వాత రాత్రి పోయాను.
నూకరత్నం కొత్త అంకె రాసుకుని
మెచ్చుకోలేదు.
"మాత్ర మానీలేదు కదా?" అంది. లేదన్నాను.
ఆదివారం అచ్చియ్యమ్మ
వాళ్ల చెల్లెలి ఇంటి గొడవ మొదలుపెడితే
చివరిదాకా విన్నాను.
నలభై ఏళ్లలో మొదటిసారి
ఆ గొడవ ఎలా ముగిసిందో తెలిసింది.
ఒంట్లో బావుందా అని నుదురు తాకి చూసింది.

ఈ పొద్దున కూడా
ఐదో ఊపిరికి ఏదో వచ్చి పడింది.
రానీ.
మేం తోడిన ఇసుకని అప్పట్లో
పైపుల్లో తీసుకెళ్లి బీచిలో పోసేవారు.
పిల్లలు దానిమీద గూళ్లు కట్టేవారు.

లేచి చాప దులిపాను.
పంచె వెనక నల్లగా
నేను కూర్చున్నంత మేర బొగ్గు.
ఇది ఎవరు ఉతుకుతారని
కింది నుంచి అచ్చియ్యమ్మ కేక.

వస్తున్నా, నేనే.